వెచ్చటి పెట్టె

"నాన్నా, పెట్టెలో లైటు లేదు."

పళ్లు తోముకుంటున్న అతను బ్రష్షు నోట్లో ఉంచుకునే ముందుగదిలోకి వచ్చాడు. కూతురు పంతులమ్మ బల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని, పెట్టెకున్న గాజుకి ముక్కు ఆనించి లోపలికి చూస్తోంది. కొత్త గౌను అప్పుడే తొడిగేసుకుంది. వెనక గుండీలు పెట్టుకోవడం చేతకాక అలాగే వదిలేసింది.

"ఫ్యూజు పోయిందా?" అంది తల తిప్పకుండానే.

ఆ పిల్లకి పంతులమ్మ అని పేరు తగిలించింది నాయనమ్మ. నాలుగు అక్షరాలు వచ్చినప్పటినుంచీ ఇంట్లో ఎవరు ఏం తప్పు మాట్లాడినా దిద్దకుండా వదిలేది కాదు మరి. ఇవాళ్టితో ఎనిమిదేళ్లు నిండాయి. పుట్టినరోజు పూట ఆ నోట వినాల్సిన మొదటి మాట ఇది కాదు.

ఫ్యూజు పోలేదు. బల్బు మాడలేదు. పాత ఇస్త్రీపెట్టెలోంచి పీకి తను బిగించిన, వేడి ఎక్కువైతే ఆపే కటాఫ్ కూడా బాగానే ఉంది. పదిమంది ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసి బతికేవాడికి ఆ మాత్రం తెలుసుకోడానికి ఎంతసేపు పడుతుంది? గోడమీద స్విచ్చి ఆపేసి ఉంది. ఎవరో చేత్తో ఆపారు.

తండ్రి చూపు ఎక్కడ ఆగిందో పంతులమ్మ కూడా అటే చూసింది.

"ఎవరు ఆపారు?"

నాయనమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, మనవరాలి వాలకం చూసి, ఏదో పొయ్యిమీద మరిచిపోయినట్టు వెనక్కి తగ్గింది. పడకగది తలుపు దగ్గరగా వేసుంది. ఆస్పత్రినుంచి భార్య ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఆ తలుపు అలాగే ఉంటోంది.

అతను ఆ తలుపు వంక ఒకసారి చూశాడు. వెళ్లి నురగ ఉమ్మేసి వచ్చి, "నేనేనమ్మా," అన్నాడు. "ఫోను చార్జింగుకి పెట్టబోయి చూసుకోలేదు."

"నువ్వా?"

"పొరపాటయింది."

"ఇది ముట్టుకోవద్దని అందరికీ చెప్పింది నువ్వే కదా. నాయనమ్మని కూడా కోప్పడ్డావు." పంతులమ్మ స్విచ్చి వేసి, చెవి పెట్టెకి ఆనించింది. "నిన్న సాయంత్రం లోపల టక్కుటక్కుమన్నాయి. నువ్వూ విన్నావు. ఇప్పుడేం వినపడట్లేదు."

"నిద్రపోతున్నాయేమో."

"ఇవాళ వస్తాయా మరి? నా పుట్టినరోజుకి వస్తాయని క్లాసులో అందరికీ చెప్పేశాను."

"చూద్దాం."

"నువ్వు చూద్దాం అంటే లేదని. తమ్ముణ్ణి ఎప్పుడు తెస్తావన్నా చూద్దామనే అంటున్నావు."

అతను కూతుర్ని వెనక్కి తిప్పుకుని గౌను గుండీలు పెట్టడం మొదలుపెట్టాడు. సన్నటి రాగితీగ చుట్టలు చుట్టలుగా చుట్టే వేళ్లు, అయిదు గుండీల దగ్గర తడబడ్డాయి.

అసలు ఈ పెట్టె పుట్టిందే తమ్ముడి మూలంగా. వాడు తొందరపడి నెలలు నిండకుండా వచ్చేశాడు, ఇంకొన్నాళ్లు ఆస్పత్రిలో గాజుపెట్టెలో వెచ్చగా ఉండాలి అంటే, ఎందుకుండాలి, ఎలా ఉంటుంది, ఎవరు చేశారు అని పంతులమ్మ ప్రాణం తోడేసింది. నోటితో చెప్పడం రాక, అతను చేతులతో చేసి చూపించాడు. థర్మాకోల్ పెట్టె, పగిలిన ఫొటో చట్రంలోని గాజు, ఒక బల్బు, తడి ఆరకుండా కప్పులో నీళ్లు. తెలిసిన కోళ్లఫారం అతను నాలుగు గుడ్లిచ్చాడు. తిప్పినప్పుడు గుర్తుండటానికి పంతులమ్మ ప్రతి గుడ్డుకీ పెన్సిలుతో ఒకవైపు పువ్వు, ఇంకోవైపు చందమామ వేసింది. ఇంట్లో అది చిన్నపెట్టె అయింది. ఆస్పత్రిది పెద్దపెట్టె.

పెద్దపెట్టె ఖాళీ అయి వారం దాటింది. ఆ సంగతి పంతులమ్మకి ఎవరూ చెప్పలేదు.

"సాయంత్రం టోపీలు పెట్టుకోడానికి ఎంతమంది వస్తారు?" అన్నాడు, మాట మార్చాలని.

"ఆరుగురు. ఏడు చేశాను. చిన్నది తమ్ముడికి. నువ్వు ఆస్పత్రికి వెళ్లినప్పుడు పట్టుకెళ్లు. తలకి పెట్టొద్దు, పక్కన పెట్టు." సంచి భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "నీతో మాట్లాడను. సాయంత్రం దాకా."

అన్నంత పనీ చేసింది. టాటా చెప్పకుండానే వెళ్లింది.

*

"దానికి ఎందుకు అబద్ధం చెప్పారు?"

పడకగదిలో భార్య గోడవైపు తిరిగి కూర్చునుంది. అతను గుమ్మంలోనే నిలబడ్డాడు. ఈ మధ్య ఆ గదిలోకి అడుగుపెట్టాలంటే అతనికి పరాయివాళ్ల ఇంట్లోకి వెళ్లినట్టుంటోంది.

"ఏం చెప్పమంటావు?"

"నేనే ఆపానని చెప్పమంటాను. మీకు తెలుసుగా."

అతను వెనక్కి తిరిగి ముందుగదిలో స్విచ్చి వంక చూశాడు.

"తలుపు సందులోంచి ఆ వెలుతురు మంచం మీద పడుతోంది. కళ్లు మూసుకున్నా అదే. ఆస్పత్రిలోనూ అదే రంగు. భరించలేక లేచి ఆపేశాను. కాసేపాగి మళ్లీ వేద్దామనే అనుకున్నాను. నిద్రపట్టేసింది." ఆమె గొంతులో తడి లేదు. "వాడు పోయాక కళ్లు మూతపడటం ఇదే మొదటిసారి. హాయిగా పడుకున్నాను. అవి చలికి పోతుంటే నేను హాయిగా పడుకున్నాను."

"ఊరుకో. గుడ్లే కదా."

ఓదార్చడానికే అన్నాడు. కానీ కొన్ని మాటలు నోరు దాటాకే వాటి బరువు తెలుస్తుంది. ఆమె ఇటు తిరిగింది. రోజుల తర్వాత అతని మొహంలోకి నేరుగా చూసింది.

"మీకు అంతే. పెద్దపెట్టె మీరు ఆపించారు. చిన్నపెట్టె నేను ఆపాను. ఇంక ఈ ఇంట్లో ఆపడానికి ఏమీ మిగల్లేదు."

"ఎన్నిసార్లు చెప్పను? ఊపిరి తీస్తోంది యంత్రమే తప్ప వాడు కాదని డాక్టర్లు ఇద్దరూ చెప్పారు. బిడ్డని ఇంకా బాధపెట్టడమే అన్నారు."

"నన్ను లేపారా?"

"నీకు మత్తిచ్చారు. నువ్వున్న స్థితిలో..."

"లేపారా అని అడిగాను."

"లేపలేదు."

"లేపితే వాడి వేలు ఒకసారి పట్టుకునేదాన్ని. వద్దని అనేదాన్నో, సరే అనేదాన్నో, అది తర్వాత సంగతి. మీరు నన్ను అడగలేదు. మీకు మీరే సరే అనేసి, కిందికి దిగి వచ్చి, నేను లేచాక చెప్పారు."

ఏ యంత్రం పాడైనా ఎక్కడ తెగిందో వెతికి పట్టుకునే మనిషి, ఈ ఒక్కచోట మాత్రం ఏ కొస ఎక్కడుందో తెలియక వారం నుంచి చేతులు కట్టుకుని నిలబడుతున్నాడు. ఆ పొద్దున భార్యని లేపకపోవడం ప్రేమే అనుకున్నాడు. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాడు. అయినా ఆమె అడిగినప్పుడల్లా తల దించుకుంటున్నాడు.

నాయనమ్మ టీ గ్లాసులతో వచ్చింది. ఇద్దరి మొహాలూ చూసి, గ్లాసులు కిటికీలో పెట్టింది.

"పుట్టినరోజు పూట ఈ గొడవలేంట్రా? దాని మొహం చూశావా వెళ్లేటప్పుడు?"

"ఇవాళే చెప్పేద్దాం అత్తయ్యా," అంది భార్య. "రెండూ చెప్పేద్దాం. లైటు నేనే ఆపానని, తమ్ముడు లేడని. వచ్చిన పిల్లలు ఇళ్లకి వెళ్లాక చెప్తాను. ఎవరూ చెప్పకపోతే నేనే చెప్తాను."

"ఇవాళా? ఏటేటా ఈ రోజు వచ్చినప్పుడల్లా అదే గుర్తొస్తుంది తల్లీ దానికి."

"రానివ్వండి. వాడు పుట్టాడని మనకి తప్ప ఇంకెవరికి గుర్తుంటుంది?"

నాయనమ్మ కొడుకు వంక చూసింది. టీ చల్లారింది. ఎవరూ ముట్టుకోలేదు.

మందు వేసుకుని భార్య నిద్రలోకి జారాక, అతను చిన్నపెట్టె మూత తీసి నాలుగు గుడ్లూ తువ్వాల్లో చుట్టాడు. పనిముట్ల సంచిలో పెట్టుకుని షాపుకి బయల్దేరాడు. ఒక్కటి, కనీసం ఒక్కటి బతికున్నా చాలు. సాయంత్రం భార్య చెప్పేది చెప్పినా, పిల్లకి చేతిలో పట్టుకోడానికి ఏదో ఒకటి ఉంటుంది.

*

"గోరువెచ్చటి నీళ్లలో వదలండి," అన్నాడు ఫోనులో కోళ్లఫారం అతను. "చివరి రోజు కదా. లోపల ప్రాణం ఉంటే గుడ్డు నీళ్లలో అటూ ఇటూ ఊగుతుంది. మీరు ముట్టుకోకుండా దానంతటదే ఊగాలి."

"ఊగకపోతే?"

"ఊగకపోతే పోయినట్టే. ఇక్కడ చలి మామూలుగా లేదుగా, రాత్రంతా లైటు ఆగితే కష్టమే. అయినా చూడండి."

షాపు ముందు రేకు సగానికి దించాడు. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి, మోచేత్తో వేడి చూశాడు. పసిపిల్లల స్నానానికి చూసినట్టు చూశానని తర్వాత తట్టింది. నాలుగు గుడ్లూ ఒకదాని తర్వాత ఒకటి వదిలాడు. నాలుగూ తేలాయి. కాసేపు అతని చేతి కదలికకే ఊగాయి. తర్వాత నీళ్లు నిలకడగా అయ్యాయి. గుడ్లూ నిలకడగా అయ్యాయి.

అతను ఊపిరి బిగబట్టి చూశాడు. ఫ్యాను గాలి తగులుతుందేమోనని దాన్నీ ఆపేశాడు. పువ్వు బొమ్మ పైకి తిరిగి ఉన్న గుడ్డు కొంచెం కదిలినట్టు అనిపించింది. బయట లారీ పోతోంది. అది దాటాక మళ్లీ కదల్లేదు.

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఇంటికెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పి, నలుగురూ కలిసి ఏడ్చి ఉంటే ఎంత బాగుండేదో. కానీ ఈ మనిషికి పాడైనదాన్ని పాడైనట్టు వెనక్కి ఇవ్వడం చేతకాదు. కాలిపోయిన మోటారు తెచ్చినవాడికైనా ఏదో ఒకటి చేసి తిప్పి చూపించి పంపిస్తాడు. నీళ్లు పారబోస్తుండగానే అతనికి ఆ ఆలోచన వచ్చింది. భార్య తన వల్ల అవి పోయాయని అనుకోకూడదు. పిల్ల పుట్టినరోజు నాడు ఖాళీ పెట్టె చూడకూడదు. ఈ ఒక్కటైనా తన చేతుల్లో ఉన్న పని.

మళ్లీ ఫోను చేశాడు. "ఇవాళే గుడ్డులోంచి వచ్చిన కోడిపిల్లలు ఉన్నాయా మీ దగ్గర?"

ఉన్నాయి. వందలకొద్దీ ఉన్నాయి. కావలసినన్ని పట్టుకెళ్లమన్నాడు.

మూడే తీసుకోవాలని దారిలోనే నిర్ణయించుకున్నాడు. నాలుగుకి నాలుగూ వస్తే పంతులమ్మ ఊరుకోదు, ఎలా వచ్చాయి, అన్నీ ఎందుకు వచ్చాయి అని తవ్వుతుంది. పని చేస్తే నిజంలా కనపడాలి. పెంకులు కూడా ఆ పువ్వూ చందమామా ఉన్నవే కావాలి. వేరే పెంకులు పెడితే ఒక్క చూపులో పట్టేస్తుంది.

అందుకని షాపుకి తిరిగొచ్చి, బల్లమీద మెత్తటి గుడ్డ పరిచి, సన్నటి పట్టకారుతో మూడు గుడ్లు తెరిచాడు.

ఏదో నీళ్లనీళ్లగా ఉంటుందనుకున్నాడు. లేదు. అన్నీ తయారై ఉన్నాయి. ముక్కు, గోళ్లు, తడిసి అంటుకుపోయిన ఈకలు. తల రెక్క కింద పెట్టుకుని ముడుచుకునున్నాయి. మొదటిదాని ముక్కు కొన దగ్గర పెంకు లోపలివైపు చిన్న గీత ఉంది. బయటికి రావడానికి మొదలుపెట్టింది అది.

అతను పట్టకారు కింద పెట్టేశాడు. ఆ గాజుపెట్టెలోంచి వాణ్ణి తీసి చేతికిచ్చినప్పుడు కూడా ఇలాగే అనుకున్నాడు: అన్నీ ఉన్నాయి కదా, గోళ్లు కూడా ఉన్నాయి కదా, ఏం తక్కువైంది. అప్పుడు చుట్టూ నర్సులున్నారని ఏడవలేదు. ఇంటికొచ్చాక భార్య ఉందని ఏడవలేదు. ఇప్పుడు చుట్టూ విప్పిన మిక్సీలు తప్ప ఎవరూ లేరు. మోచేతుల మీద తల పెట్టుకుని, నోరు అదుముకుని, కడుపులో ఉన్నదంతా ఏడ్చాడు.

తర్వాత షాపు వెనక గోడ పక్కన మట్టి తవ్వి మూడింటినీ పెట్టి కప్పేశాడు. చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు.

*

ఇంటికొచ్చి చిన్నపెట్టెలో కోడిపిల్లల్ని సర్దుతుండగా నాయనమ్మ వెనకనుంచి వచ్చి నిలబడింది. అట్టపెట్టె, అందులో గడ్డి, కొడుకు చేతిలో సగం చిట్లిన పెంకు చూసింది. ఆమెకి ఒక్క ప్రశ్న అడగాల్సిన పని లేకపోయింది.

"నీ పెళ్లానికి తెలుసా?"

"తెలీదు. చెప్పకు."

"దానికోసం ఒకటి, దీనికోసం ఒకటి. ఎన్ని అబద్ధాలకని వైరింగు చేస్తావురా?"

"ఈ ఒక్కరోజు గడవనీ అమ్మా."

నాయనమ్మ నాలుగో గుడ్డు చేతిలోకి తీసుకుని, చలికి చెయ్యి వెనక్కి తీసుకున్నట్టు మళ్లీ పెట్టేసింది. "నేను నోరు విప్పను. కానీ అది ఎప్పుడో ఒకప్పుడు ఊడి మీద పడుతుంది. అప్పుడు నన్ను పిలవకు," అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

సాయంత్రం వీధిలోని పిల్లలు ఆరుగురూ వచ్చారు. ముందుగదినిండా రంగుకాగితాల గొలుసులు వేలాడుతున్నాయి. వాటిని పంతులమ్మా నాయనమ్మా వారం రోజులు కూర్చుని అతికించారు. నాయనమ్మ అతికించినవి ఊడిపోతుంటే పంతులమ్మ మళ్లీ అతికిస్తూ తిరుగుతోంది. బడినుంచి వచ్చాక ఆ పిల్ల పెట్టె వంక చూడలేదు. చూడటానికి భయపడుతోందని అతనికి అర్థమైంది. తండ్రితో మాట్లాడనన్న ఒట్టు మాత్రం గట్టిగానే పట్టింది.

కేకు కోసే ముందు ఎవరో బుడ్డవాడు, "ఇందులో ఎలక ఉందా?" అన్నాడు.

పంతులమ్మ పరిగెత్తింది. గాజు దగ్గర మొహం పెట్టి, చాలాసేపు అలాగే ఉంది. వెనక్కి తిరిగినప్పుడు గట్టిగా మాట్లాడితే అవి బెదిరిపోతాయన్నట్టు గుసగుసగా అంది.

"నాన్నా. వచ్చాయి. మూడు."

అంతే, ఒట్టు గాలికి పోయింది. తండ్రి నడుం వాటేసుకుంది. ఆ క్షణంలో అతనికి తను చేసింది తప్పని ఎంతమాత్రం అనిపించలేదు. పిల్లలంతా టోపీలతో పెట్టె చుట్టూ మూగారు. పంతులమ్మ అందర్నీ వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరే చూడాలి, ఊపిరి పైకి వదలకూడదు అని పాఠం మొదలుపెట్టింది.

అప్పుడు పడకగది తలుపు తెరుచుకుంది.

భార్య గోడ పట్టుకుని నడిచి వచ్చింది. శాలువా ఒకవైపు జారిపోతోంది. పిల్లలు దారిచ్చారు. ఆమె కుర్చీలో కూర్చునేసరికి పంతులమ్మ ఒక కోడిపిల్లని తీసుకొచ్చి తల్లి దోసిట్లో పెట్టింది. అది కిచకిచమంటూ ఆమె బొటనవేలు పొడిచింది.

"నిజంగా వచ్చాయా?" అంది ఆమె. అడిగింది కూతుర్ని కాదు.

అతను, "వచ్చాయి," అన్నాడు.

అతను ఆమె మొహం చూశాడు. ఎన్నాళ్లనుంచో బిగించి పట్టుకున్నదేదో సడలినట్టు, ఆ పెదాలు కొంచెం విడివడ్డాయి. కళ్లనుంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

"లైటు ఆపింది నాన్న కాదు పంతులమ్మా. నేను."

"నువ్వా? మరి నాన్న తనేనన్నాడు."

"నన్ను ఏమైనా అంటావని అలా చెప్పాడు."

పంతులమ్మ తండ్రినీ తల్లినీ మార్చి మార్చి చూసింది. శిక్ష ఎవరికి వెయ్యాలో తేల్చుకుంటున్నట్టు కాసేపు ఆలోచించి, "పర్లేదులే," అంది. "బతికాయిగా. వెచ్చదనం ఆగితే చచ్చిపోతాయని మా టీచర్ చెప్పింది. ఆమెకి తెలీదన్నమాట. రేపు బడిలో చెప్తాను, చల్లబడిపోయినా ఇంకాసేపు చూస్తే బతుకుతాయని."

ఆ మాట అని పిల్లల దగ్గరికి ఉరికింది. నాయనమ్మ కేకు ముక్కలు పంచుతోంది. గదినిండా గోల.

భార్య కోడిపిల్లని చూస్తూనే, అతనికి మాత్రం వినపడేంత నెమ్మదిగా అంది.

"ఏమండీ."

"ఊఁ."

"రాత్రంతా చల్లగా ఉన్నాయి ఇవి. మంచులా ఉండి ఉంటాయి."

అతను జారిపోతున్న శాలువా ఆమె భుజం మీదికి సర్దాడు.

"వాణ్ణి మీ చేతికిచ్చినప్పుడు ఇంకా వెచ్చగానే ఉన్నాడన్నారు కదా."

ఆ మాట ఎక్కడికి వెళ్తోందో అతనికి తెలిసిపోయింది.

"అన్నాను."

"వెచ్చగానే ఉన్నాడు కదా. ఇంకొక్కపూట చూసి ఉంటే?" ఆ గొంతులో కోపం లేదు. పొద్దున ఉన్న కోపమే నయం. ఇప్పుడు ఆశ ఉంది. "డాక్టర్లకి మాత్రం అన్నీ తెలుస్తాయా? వీటి సంగతి పిల్ల వాళ్ల టీచర్‌కి తెలిసిందా?"

ఒక్క మాట చెప్తే చాలు. ఇవి ఆ గుడ్లలోవి కాదు, అవి పోయాయి, చల్లబడితే పోతాయి, వాడూ పోయాడు, ఎన్ని పూటలు ఆగినా వచ్చేవాడు కాదు. చెప్తే, వాటిని పోగొట్టింది నువ్వేనని కూడా ఆమెకి చెప్పినట్టే. చెప్పకపోతే, బతకాల్సిన కొడుకుని తను ఆపించేశాడని ఆమె బతికినన్నాళ్లూ అనుకుంటుంది. రెండువైపులా కరెంటే. అతను నోరు తెరిచాడు.

"అమ్మా, ఇంకోటుంది," అని పంతులమ్మ నాలుగో గుడ్డు రెండు చేతుల్లో పట్టుకొచ్చింది. "ఇది ఇంకా రాలేదు. ఆలస్యం చేస్తోంది. మూత తెరిచాం కదా, మళ్లీ చల్లబడిపోతుందేమో."

భార్య కోడిపిల్లని కూతురికిచ్చేసి గుడ్డు అందుకుంది. అరచేతుల మధ్య పెట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని విన్నది. తర్వాత శాలువా లోపలికి, గుండెకి దగ్గరగా తీసుకుంది.

నాయనమ్మ చేతిలో కేకు పళ్లెంతో వచ్చి నిలబడింది. పిల్లలు ఒక్కొక్కరే చెప్పులు వేసుకుంటున్నారు.

"వీళ్లు వెళ్లిపోతున్నారమ్మా," అంది కోడలితో, కొడుకు వంక చూస్తూ. "పిల్లకి ఏదో చెప్పాలన్నావు."

"ఇవాళ వద్దు అత్తయ్యా. ఇది రానీండి."

"అది రాకపోతేనో?"

"వస్తుంది." ఆమె భర్త వైపు తిరిగింది. బతిమాలుతున్నట్టుగా కాదు, హెచ్చరిస్తున్నట్టుగా కాదు, ఇంటి పని ఏదో అప్పజెప్తున్నంత మామూలుగా అంది. "ఎన్నాళ్లయినా సరే చూస్తాను. ఈసారి నన్ను అడక్కుండా ఆపకండి."

పెట్టెలో లైటు సరిగ్గా వెలుగుతోందో లేదో ఒకసారి చూసి రమ్మంది. అతను వెళ్లి చూశాడు. వెలుగుతోంది.